ఆటకో మౌత్‌గార్డ్, నిద్రకో నైట్‌గార్డ్: రెండూ నిజంగా కావాలా?

హాకీ_అమ్మ
అందరికీ నమస్కారం. మా అబ్బాయికి 14 ఏళ్ళు. హాకీలో ఈమధ్యే పెద్ద పిల్లల జట్టులోకి వెళ్ళాడు. మౌత్‌గార్డ్ లేకపోతే మైదానంలోకి రానివ్వనని వాళ్ళ కోచ్ ఖరాకండిగా చెప్పేశారు. వాడి పళ్ళకేమో క్లిప్పులు ఉన్నాయి. వాటి మీద గార్డ్ ఎలా కూర్చుంటుందో అర్థం కావడం లేదు.

ఇక నా సంగతి. నిద్రలో పళ్ళు పటపటా నూరుతున్నానని ఇంట్లో ఒకటే గోల. పొద్దున లేచేసరికి కణతలు లాగేస్తుంటాయి, దవడ బిగుసుకుపోయి ఆవలించాలన్నా భయమేస్తుంది. పళ్ళ డాక్టర్ చూసి నైట్‌గార్డ్ చేయించుకోమన్నారు. నా ప్రశ్న ఏమిటంటే, వాడికి కొనే వేడినీళ్ళలో వేసి కొరికే రకమే నాకూ ఒకటి తీసుకుని రాత్రిళ్ళు పెట్టుకుంటే సరిపోదా? చూడటానికి రెండూ ఒకేలా ఉన్నాయి మరి.

గోల్‌కీపర్_బాబు
వద్దండీ, ఆ ఆలోచన మానుకోండి. పేర్లు దగ్గరగా ఉన్నా రెండిటికీ సంబంధం లేదు. వివరంగా చెప్పేవాళ్ళు వెనకాల వస్తారు, నాకు ప్రాక్టీస్ టైమ్ అయింది.

మెకానికల్_బుర్ర
సరే, ఆ వెనకాల వచ్చేది నేనే అనుకుందాం.

ఆటలో దెబ్బ అంటే రెప్పపాటులో వచ్చి పడే బలం. స్టిక్కో, బంతో, మోచెయ్యో నేరుగా పంటికి తగిలితే ఆ బలమంతా ఒక చిన్న చోట, అతి తక్కువ సమయంలో పడుతుంది. పన్ను చిట్లేది అందుకే. గార్డ్ మెత్తగా ఉండటం వల్ల నొక్కుకుపోతూ ఆ సమయాన్ని కాస్త సాగదీస్తుంది, బలాన్ని పక్క పళ్ళకీ చిగుళ్ళకీ పంచుతుంది. గట్టిగా వచ్చే బంతిని క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతాం చూడండి, అదే పని. పై పళ్ళూ కింది పళ్ళూ ఒకదానికొకటి ఢీకొనకుండా మధ్యలో అడ్డుగా కూడా ఉంటుంది. గడ్డం కింద దెబ్బ తగిలినప్పుడు దవడ పళ్ళు పగిలేది ఇలా ఢీకొనడం వల్లే. ఇందుకు వాడేది ఈవీఏ అనే మెత్తటి ప్లాస్టిక్. మందం 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉండాలంటారు. మరీ పలచనైతే దెబ్బ ఆగదు, మరీ మందమైతే ఊపిరాడదు, మాట రాదు.

నిద్రలో నూరడం వేరే కథ. అక్కడ దెబ్బ లేదు, రాపిడి ఉంది. రోజూ రాత్రి, ఏళ్ళ తరబడి. కాబట్టి అక్కడ కావలసింది అరగని, గట్టి, నున్నటి తలం. అందుకే పెద్దవాళ్ళ నైట్‌గార్డులు ఎక్కువగా గట్టి యాక్రిలిక్‌తో చేస్తారు. ఆ గట్టిదాన్ని ఆటలో పెట్టుకుంటే దెబ్బకి పగిలి ముక్కలు నోట్లో గుచ్చుకునే ప్రమాదం ఉంది. మెత్తదాన్ని రాత్రి పెట్టుకుంటే ఏమవుతుందో డాక్టర్లు చెప్పాలి, నా పరిధి ఇంతే.

దంతాల_డాక్టరమ్మ
బుర్ర గారు చాలావరకు చెప్పేశారు, నాకు పని తగ్గింది. మిగిలింది నేను చెబుతాను.

మెత్తటి గార్డ్ రాత్రి పెట్టుకుంటే కొందరికి హాయిగానే ఉంటుంది. కానీ కొందరిలో అది నమలడానికి ఏదో దొరికినట్టయి దవడ కండరాలు ఇంకా ఎక్కువ పనిచేస్తాయి. పొద్దున నొప్పి తగ్గకపోగా పెరుగుతుంది. పైగా గట్టిగా నూరేవాళ్ళు మెత్తదాన్ని తొందరగానే కొరికి చిల్లులు పెట్టేస్తారు. హాకీ_అమ్మ గారూ, పొద్దున్నే దవడ బిగుసుకుపోతోందంటున్నారు కాబట్టి మీకు నా ఓటు గట్టిదానికే.

ఇంకో సంగతి. నైట్‌గార్డ్‌లో అసలు పని ప్లాస్టిక్‌ది కాదు, సర్దుబాటుది. గార్డ్ నోట్లో పెట్టి, పళ్ళ మధ్య పలచటి నీలం కాగితం ఉంచి, టక్‌టక్‌మని కొరకమంటాం. ఎక్కడ ఎక్కువ తగులుతోందో అక్కడ గార్డ్ మీద ముదురు నీలం చుక్క పడుతుంది. ఆ చుక్కని మరతో కాస్త గీకుతాం, మళ్ళీ కాగితం, మళ్ళీ కొరకడం. అన్ని పళ్ళ దగ్గరా చుక్కలు ఒకే రంగులో పడేదాకా ఇదే తంతు. తర్వాత దవడని ముందుకీ పక్కలకీ జరపమని ఇంకోసారి చూస్తాం. ఈ పని చేయని గార్డ్ పళ్ళను కాపాడొచ్చు గానీ దవడ కీలుకి కొత్త తలనొప్పి తెచ్చిపెట్టొచ్చు. ముందు పళ్ళకి మాత్రమే పెట్టుకునే చిన్న రకాలు కూడా ఉన్నాయి. వాటిని ఎవరి పర్యవేక్షణా లేకుండా నెలల తరబడి వాడితే, దేనికీ తగలని వెనక పళ్ళు కదిలి అసలు కొరుకుడే మారిపోవచ్చు. అన్ని పళ్ళనీ కప్పేది అడగండి.

ప్రతిదానికీ_ప్రశ్న
డాక్టర్ గారూ, ఒక్క మాట. నైట్‌గార్డ్ పెట్టుకుంటే నూరడం ఆగుతుందా? ఆగనప్పుడు దేనికి ఈ హంగామా?

దంతాల_డాక్టరమ్మ
ఆగదు. సూటిగా చెప్పాలంటే అంతే. మీరు మీ పంటి పై పొర, అదే ఎనామిల్, దాని బదులు ప్లాస్టిక్‌ని నూరతారు. ప్లాస్టిక్ అరిగితే కొత్తది చేయించుకోవచ్చు, ఎనామిల్ అరిగితే మళ్ళీ పుట్టదు. హంగామా అందుకే.

నిద్రలేని_రాత్రి
హాకీ_అమ్మ గారూ, మీ లక్షణాలు చదువుతుంటే నా గురించి రాసినట్టే ఉంది. నేను చాలాకాలంగా నైట్‌గార్డ్ వాడుతున్నాను. మొదటి రాత్రులు నరకం, ముందే చెబుతున్నా. నోరంతా ఏదో కుక్కినట్టు ఉంటుంది. చొంగ కారి దిండు తడిసిపోతుంది. తెల్లారేసరికి గార్డ్ మంచం కింద దొరికేది, ఎప్పుడు తీసి విసిరేశానో నాకే తెలియదు. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. మీరు వదలకండి. పడుకోవడానికి గంట ముందే పెట్టుకుని ఏదైనా చదువుకుంటూ ఉంటే నోరు అలవాటు పడుతుంది. తర్వాత తర్వాత అది లేకపోతేనే వెలితిగా అనిపిస్తుంది.

తలనొప్పి పూర్తిగా పోలేదు గానీ తగ్గింది. అసలు మార్పు ఎక్కడ తెలిసిందంటే, సాయంత్రం కాఫీ మానేశాక. పగలు కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు కూడా పళ్ళు బిగబట్టే అలవాటు నాకుంది. అది ఎవరో చెబితే తప్ప తెలియలేదు. పెదాలు కలిపి, పళ్ళు విడిగా ఉంచాలని స్క్రీన్ పక్కన చీటీ అంటించుకున్నాను. ఆఫీసులో వాళ్ళు నవ్వుకున్నా సరే, చీటీ మాత్రం తియ్యలేదు.

జిమ్_తమ్ముడు
అన్నలూ, నాకొక డౌట్. నేను బాస్కెట్‌బాల్ ఆడతాను. మా టీమ్‌లో ఎవరూ మౌత్‌గార్డ్ పెట్టుకోరు. బాక్సర్లకి, హాకీవాళ్ళకి అంటే ఓకే. మాకు కూడా అవసరమా? స్టీఫెన్ కర్రీ నోట్లో నుంచి బయటికి వేలాడేసుకుని నములుతుంటాడు గానీ అది స్టైల్ అనుకున్నా.

గోల్‌కీపర్_బాబు
తమ్ముడూ, స్టైల్ కాదు, అలా నమలడం గార్డ్‌కి మంచిదీ కాదు. రీబౌండ్ కోసం, అంటే బుట్టలో పడక తిరిగొచ్చే బంతి కోసం ఎగిరినప్పుడు మోచేతులు ఎక్కడ తిరుగుతాయో ఒకసారి గమనించు, సరిగ్గా ఎదుటివాడి నోటి ఎత్తులో. హాకీలో మాకు కనీసం స్టిక్ కిందే ఉంటుందన్న ధీమా ఉంటుంది. మీకు అదీ లేదు.

రింగ్_పక్కన
బాక్సింగ్ శిక్షణ ఇస్తుంటాను, నాకు తెలిసింది రాస్తున్నా.

వేడినీళ్ళ రకం చెడ్డది కాదు. కొత్తగా ఆడేవాళ్ళకి, ఎదిగే పిల్లలకి అదే సరైనది కూడా. కానీ నూటికి తొంభై మంది దాన్ని చేసుకునేటప్పుడే పాడు చేస్తారు. మెత్తబడ్డ గార్డ్ నోట్లో పెట్టుకోగానే బలంకొద్దీ కొరికేస్తారు. పళ్ళు అడుగుదాకా దిగిపోతాయి. చూడ్డానికి అచ్చు భలే పడిందనిపిస్తుంది. దాన్ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి: దవడ పళ్ళు దిగిన చోట కాగితంలా పలచబడి వెలుగు అవతలికి కనిపిస్తుంటుంది. దెబ్బ ఆపాల్సిన చోటే ఏమీ మిగల్లేదన్నమాట. నేను పిల్లలకి చెప్పేది ఇదీ: ప్యాకెట్ మీద రాసినంత సేపే నీళ్ళలో ఉంచు, ఒక్క క్షణం చల్లారనివ్వు, పై పళ్ళకి తొడుగు, మెల్లగా కొరుకు. మిగతా పని పెదాల మీద నుంచి వేళ్ళతో నొక్కడం, నాలుకతో లోపలి వైపు తోయడం, గాలి లోపలికి పీల్చడం. అచ్చు పడేది పీల్చడం వల్ల, కొరకడం వల్ల కాదు. తేడా వస్తే పారేసి ఇంకోటి చేసుకోండి, దాన్నే మళ్ళీ మళ్ళీ ఉడకబెట్టకండి.

సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి మా పరీక్ష సులువు. నోరు బాగా తెరువు. గార్డ్ జారి కింద పడిందా? పనికిరాదు. పళ్ళు బిగబట్టి ఉంచితేనే ఆగుతోందా? అదీ పనికిరాదు, ఎందుకంటే ఆయాసపడుతూ నోటితో ఊపిరి తీసుకునేటప్పుడు ఎవడూ పళ్ళు బిగబట్టి ఉండలేడు. దుకాణంలో రెడీగా దొరికే, అచ్చు వేసే పనే లేని రకం సరిగ్గా ఈ కారణానికే దండగ. నా దగ్గర ఎవరైనా అది తెస్తే రింగ్‌లోకి రానివ్వను.

ఎర్ర గార్డ్ కొనకండి. అమెచ్యూర్ బాక్సింగ్‌లో ఎరుపు ఒప్పుకోరు, రక్తానికీ దానికీ తేడా తెలియదని. రియో 2016 ఒలింపిక్స్‌లో మగవాళ్ళకి హెడ్‌గేర్ తీసేశారు గానీ మౌత్‌గార్డ్ జోలికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు.

పాతముచ్చట్లు
కోచ్ గారు బాక్సింగ్ ఎత్తారు కాబట్టి నేనూ దూరిపోతున్నాను. అసలు మౌత్‌గార్డ్ పుట్టిందే బాక్సింగ్‌లో. 1890ల్లో లండన్‌లో వూల్ఫ్ క్రౌస్ అనే దంతవైద్యుడు గట్టాపెర్చా అనే చెట్టుపాల పదార్థాన్ని బాక్సర్ల పై పళ్ళ మీద అతికించేవాడు. పెదవులు చీలకుండా ఉండాలన్నది ఆయన ఉద్దేశం. తర్వాత ఆయన కొడుకు ఫిలిప్ తీసి పెట్టుకోగలిగేది తయారుచేశాడు. టెడ్ కిడ్ లూయిస్ అనే బాక్సర్ దాన్ని పెట్టుకుని ఆడితే ప్రత్యర్థులు అభ్యంతరం చెప్పేవాళ్ళట, అదేదో మోసమన్నట్టు!

ఆ వ్యతిరేకత పట్టు విడిచింది 1927లో. జాక్ షార్కీతో పోటీలో మైక్ మెక్‌టీగ్ బాగా ఆడుతున్నాడు. అంతలో ఆయన విరిగిన పన్నే ఆయన పెదవిని లోపలి నుంచి కోసేసి, రక్తం ఆగక పోటీ ఆపేయాల్సి వచ్చింది. గెలిచే ఆట పంటి ముక్క వల్ల పోయింది. ఆ తర్వాత గార్డ్ మామూలైపోయింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో హైస్కూల్ పిల్లలకి 1962లో తప్పనిసరి చేశారు.

ప్రతిదానికీ_ప్రశ్న
చరిత్ర బాగుంది. కానీ గార్డ్ పెట్టుకుంటే తలకి దెబ్బ తగిలినా మెదడు అదరదు అని ప్యాకెట్ల మీద కనిపిస్తుంది. అది నిజమేనా? రగ్బీలో సెన్సార్ గార్డులు కూడా వచ్చాయి కదా.

దంతాల_డాక్టరమ్మ
మంచి ప్రశ్న, ప్రతిదానికీ అడిగే అలవాటు మంచిదే. పళ్ళు, పెదవుల గాయాల విషయంలో సాక్ష్యం బలంగా ఉంది. 2007లో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్షలో, గార్డ్ లేనివాళ్ళకి నోటి గాయాల ముప్పు 1.6 నుంచి 1.9 రెట్లు ఎక్కువని తేలింది. మెదడు అదిరే గాయం, అదే కంకషన్, దాని విషయంలో ఫలితాలు ఒకదానికొకటి పొసగడం లేదు. కాబట్టి పళ్ళ కోసం పెట్టుకోండి. తల కాపాడుతుందన్న నమ్మకంతో ఎవరూ దూకుడుగా ఆడకండి.

వరల్డ్ రగ్బీ 2024 నుంచి పెద్ద స్థాయి పోటీల్లో తెచ్చిన స్మార్ట్ గార్డులు తలకి తగిలిన అదురుని కొలిచి, ఒక హద్దు దాటితే మైదానం పక్కనున్న డాక్టర్‌కి కబురు పంపుతాయి. ఆటగాణ్ణి బయటికి పిలిచి పరీక్షిస్తారు. అంటే అది కొలిచే పరికరం, ఆపే పరికరం కాదు.

ఇక హాకీ_అమ్మ గారి అబ్బాయి క్లిప్పుల సంగతి. క్లిప్పులున్న పిల్లలకి గార్డ్ మరింత అవసరం. దెబ్బ తగిలితే పెదవి లోపలి భాగం ఆ లోహానికీ పంటికీ మధ్య నలిగి చీలిపోతుంది. మామూలు వేడినీళ్ళ రకం మాత్రం వద్దు. మెత్తబడ్డ ప్లాస్టిక్, పళ్ళకి అతికించిన చిన్న బిళ్ళల్లాంటి బ్రాకెట్ల సందుల్లోకి దిగి పట్టేసుకుంటుంది, తీసేటప్పుడు బ్రాకెట్ ఊడి చేతికొస్తుంది. క్లిప్పుల కోసం లోపల గాడి ఉన్నవి వేరేగా దొరుకుతాయి. లేదా మీ క్లిప్పుల డాక్టర్ బ్రాకెట్ల చుట్టూ ఖాళీ వదిలి కొలత ప్రకారం చేసిస్తారు. పళ్ళు నెలనెలా కదులుతుంటాయి కాబట్టి బిగుతైనప్పుడల్లా మార్చక తప్పదు. క్లిప్పులు బిగించడానికి వెళ్ళిన ప్రతిసారీ గార్డ్ కూడా వెంట తీసుకెళ్ళమనండి. సాధారణంగా గార్డ్ పై పళ్ళకే. కింది దవడ ముందుకొచ్చి ఉన్నవాళ్ళకి మాత్రం కిందికి వేస్తాం.

జిమ్_తమ్ముడు
డాక్టర్ గారూ, గార్డ్ లేనప్పుడు పన్ను మొత్తం ఊడి కింద పడితే? మా సీనియర్‌కి ఇలాగే జరిగితే టిష్యూలో చుట్టి తీసుకెళ్ళాడు, పని జరగలేదన్నారు.

దంతాల_డాక్టరమ్మ
టిష్యూలో ఆరిపోయింది, అందుకే. ఇది అందరూ ఒకసారి చదవండి.

పన్నుని పైభాగం పట్టుకుని తీయండి, వేరుని ముట్టుకోకండి. ఆ వేరు మీద కంటికి కనిపించని పొర ఉంటుంది, పన్ను మళ్ళీ అతుక్కునేది దానివల్లే. మట్టి అంటితే పాలతోనో, సెలైన్‌తోనో, లేదా దెబ్బ తగిలినవాళ్ళ ఉమ్మితోనో కడగండి, రుద్దకండి, గోకకండి. దెబ్బ తగిలినవాళ్ళు స్పృహలో ఉంటే అక్కడికక్కడే పన్నుని దాని గుంటలో పెట్టి, శుభ్రమైన గుడ్డని మెల్లగా కొరికి పట్టుకోమనండి. ధైర్యం చాలకపోతే చల్లటి పాలల్లో వేయండి. మామూలు నీళ్ళల్లో ఉంచొద్దు. ఎక్కడా ఆగకుండా పళ్ళ డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. వేరు గంటసేపు పొడిగా ఉండిపోతే ఆ పొర బతకదు. పాల పన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టకూడదు, కింద వచ్చే పన్ను దెబ్బతింటుంది.

స్పృహ తప్పినా, వాంతులైనా పన్ను సంగతి తర్వాత, ముందు ఆసుపత్రికి.

రింగ్_పక్కన
డాక్టరమ్మ గారూ, దీన్ని ప్రింట్ తీసి మా హాల్ గోడకి అంటిస్తున్నాను. అనుమతి ఉందనుకుంటున్నా.

దంతాల_డాక్టరమ్మ
నిరభ్యంతరంగా అంటించండి.

సగం_నిద్ర
కొత్త సభ్యురాలిని. మావారు కూడా రాత్రి పళ్ళు నూరుతారు, దానికితోడు గురక. ఒక్కోసారి గురక మధ్యలో ఊపిరి ఆగిపోయి, ఉలిక్కిపడ్డట్టు మళ్ళీ మొదలవుతుంది. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టదు. ఆయనకీ నైట్‌గార్డ్ చేయిస్తే చాలా?

దంతాల_డాక్టరమ్మ
అమ్మా, మీవారికి గార్డ్ కన్నా ముందు నిద్ర పరీక్ష కావాలి. మీరు చెప్పేది స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు లాగా ఉంది. దానికీ నూరడానికీ తరచూ జోడీ కుదురుతుంది. మామూలు నైట్‌గార్డ్ కొందరిలో ఊపిరాడని ఇబ్బందిని ఇంకాస్త పెంచవచ్చు కూడా. కింది దవడని కొద్దిగా ముందుకి జరిపి గాలి దారి తెరిచి ఉంచే పరికరం ఒకటుంది, అది వేరు, దాన్ని పరీక్ష అయ్యాకే ఇస్తారు. ఆయన డాక్టర్‌తో మీరే వెళ్ళి మాట్లాడండి. ఊపిరి ఆగడం ఆయనకి తెలియదు, చూసేది మీరు.

ఇంకో కారణం కూడా చెప్పాలి. డిప్రెషన్‌కి ఇచ్చే ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటి మందులతో కొందరిలో నూరడం మొదలవుతుంది. ఎవరికైనా అలా అనిపిస్తే రాసిన డాక్టర్‌కి చెప్పండి. మీ అంతట మీరు మందు ఆపేయకండి. సిగరెట్, మద్యం కూడా నూరడాన్ని పెంచుతాయి.

పాతముచ్చట్లు
మా మనవరాలు ఆరేళ్ళది, నిద్రలో పళ్ళు కొరుకుతుంది. కడుపులో నులిపురుగులని ఇంట్లో పెద్దావిడ పట్టుబట్టారు.

దంతాల_డాక్టరమ్మ
పళ్ళు కొరకడం ఒక్కటే చూసి నులిపురుగులని తేల్చలేమండీ. అనుమానం ఉంటే పరీక్ష చేయించండి, తప్పులేదు. ఆ వయసులో ఇది చాలా మామూలు, ఎక్కువమందికి పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుంది. పళ్ళు రాలుతూ వస్తూ ఉంటాయి కాబట్టి సాధారణంగా గార్డ్ వేయం. నోరు తెరిచి పడుకుంటుందా, గురక పెడుతుందా చూడండి. అలా ఉంటే టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ ఒకసారి చూపించాలి.

హాకీ_అమ్మ
ఎంత తెలిసింది! అందరికీ థ్యాంక్స్. వాడికి క్లిప్పుల డాక్టర్ దగ్గరే కొలత ఇప్పిస్తాం, నేను గట్టిదానికి ఒప్పుకున్నాను. నిద్రలేని_రాత్రి గారూ, ఆ చీటీ ఐడియా కొట్టేస్తున్నాను. కడగడం, దాచడం గురించి కూడా చెప్పేయండి. మావాడు బూట్ల సంచీలో పడేసే రకం.

నిద్రలేని_రాత్రి
తీసిన వెంటనే చల్లటి నీళ్ళతో కడిగి మెత్తటి బ్రష్‌తో తోమండి. పేస్ట్ వాడకండి, గీతలు పడి మసకబారుతుంది, కాస్త సబ్బు చాలు. కడక్కుండా వదిలేస్తే తెల్లగా గార కడుతుంది, ఆ వాసన మీరు భరించలేరు. వేడినీళ్ళు పొరపాటున కూడా వద్దు, ఆకారం పోతుంది. గాలి ఆడే రంధ్రాలున్న డబ్బా కొనండి.

గోల్‌కీపర్_బాబు
ఎండలో ఆపిన కారులో వదిలేయకూడదు, అక్కడా వంకర పోతుంది. ఇంట్లో కుక్క ఉంటే డబ్బా దానికి అందకుండా పెట్టండి, వాటికి ఈ వాసన మహా ఇష్టం. ఇంకోటి, సరదాకి కూడా గార్డ్ మార్చుకుని పెట్టుకోవద్దని చెప్పండి. ఆ వయసు పిల్లలు చేస్తారు.

ప్రతిదానికీ_ప్రశ్న
చివరి ప్రశ్న, ఒట్టు. ఎంతకాలానికి మార్చాలి?

దంతాల_డాక్టరమ్మ
తారీఖు పెట్టి చెప్పలేం. ఆట గార్డ్ అయితే అంచులు చిరిగినా, వదులైనా, కొరికి పలచబడినా మార్చండి. ఎదిగే పిల్లలకి ప్రతి సీజన్ మొదట్లో ఒకసారి చూడాలి. నైట్‌గార్డ్ పళ్ళ పరీక్షకి వచ్చినప్పుడల్లా తెస్తే మేమే చూస్తాం. పగులు కనిపించినా, ఒక పంటికే గట్టిగా తగులుతున్నట్టు అనిపించినా మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వాడటం ఆపి ఫోన్ చేయండి. కొత్త ఫిల్లింగో, క్యాపో వేయించుకున్నాక పాతది బలవంతంగా తొడగకండి, అది పాత పళ్ళ కొలతకి చేసింది.